దించే చెయ్యి ఎవరిది?

విజయవాడలో మా భవానీపురం హౌసింగ్ బోర్డు కాలనీ మలుపులో ఇడ్లీ బండి పెట్టుకునే ఆవిడ 2025 ఏప్రిల్‌లో ఒక పొద్దున నన్నో మాట అడిగింది. బండి మీద ఆ రోజు పేపరు పరిచి ఉంది. మొదటి పేజీలో విశాఖ మేయరు ఫొటో.

"మేడంగారూ, ఈవిణ్ణి దించేశారంటగా. ఎవరు దించారండీ, జనమేనా?"

"జనం కాదమ్మా, కార్పొరేటర్లు."

"మరి ఎక్కించిందెవరు?"

"వాళ్లే."

"అయితే మధ్యలో మనమెందుకండీ?"

అని గరిటె పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. ముప్పై ఏళ్లకు పైగా మండల పరిషత్ ఆఫీసుల్లో పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరైన మనిషిని. మినిట్స్ బుక్కులు ఎన్ని రాశానో లెక్కలేదు. అయినా ఆ మాటకు అక్కడికక్కడ జవాబు చెప్పలేక ఇడ్లీ పొట్లం తీసుకుని ఇంటికొచ్చేశాను. ఆవిడకు చెప్పాల్సిన జవాబే ఇది. కాస్త పెద్దదే.

ముందు విశాఖ సంగతి. 2021 మార్చిలో జరిగిన ఎన్నికల్లో అక్కడి 98 డివిజన్లలో 58 వైఎస్సార్ కాంగ్రెస్‌కు వచ్చాయి, గొలగాని హరి వెంకట కుమారి మేయరయ్యారు. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. కార్పొరేటర్లు ఒకరి తర్వాత ఒకరు కండువాలు మార్చారు. అయినా వెంటనే దించడానికి వీల్లేదు. మేయరు కుర్చీ ఎక్కిన నాలుగేళ్ల దాకా అవిశ్వాసం నోటీసు ఇవ్వకూడదని చట్టం. 2025 మార్చి 18తో ఆ నాలుగేళ్లు నిండాయి. ఆ నెలలోనే నోటీసు కలెక్టరు బల్ల మీదికి చేరింది. మొత్తం సభ్యుల్లో సగానికి తక్కువ కాకుండా సంతకాలు పెట్టాలి, తీర్మానం నెగ్గాలంటే మూడింట రెండొంతులు కావాలి. ఓటున్నవాళ్లు కార్పొరేటర్లతో పాటు ఎక్స్ అఫిషియో సభ్యులైన ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలు కలిపి 111 మంది. అందులో మూడింట రెండొంతులంటే 74. ఏప్రిల్ 19న పైకి లేచిన చేతులు సరిగ్గా 74. ఒక్క చెయ్యి తగ్గితే ఆవిడ మేయరుగానే ఉండేవారు. వారం తిరిగేసరికి డిప్యూటీ మేయరు జియ్యాని శ్రీధర్‌నీ అదే దారిలో దించారు. 28న పీలా శ్రీనివాసరావు మేయరయ్యారు.

ఆ నెల రోజులూ రెండు వర్గాల వాళ్లూ సభ్యుల్ని ఊరు దాటించి క్యాంపులు పెట్టారని, ఒకరు బెంగళూరని, ఒకరు మలేసియా అని పేపర్లలో చదివాం. విశాఖలో ఓటేసిన వాళ్లు లక్షల మంది. వాళ్ల మేయరు ఉండాలా పోవాలా అన్నది ఎక్కడో హోటల్ గదుల్లో తేలింది. ఇందులో ఏ పార్టీనీ నేను వేరు చేసి చూడటం లేదు. నా ఉద్యోగ కాలంలో అన్ని జెండాల వాళ్లూ ఇదే పని చేశారు.

ఇక మన దగ్గరికి వద్దాం. మా కాలనీ నుంచి హైదరాబాదు రోడ్డెక్కి పడమరకు పోతే గొల్లపూడి. మా చెల్లెలి ఇల్లు అక్కడే. ఇళ్లకూ ఇళ్లకూ మధ్య ఖాళీ జాగా కూడా లేదు, ఎక్కడ విజయవాడ అయిపోయిందో ఎక్కడ గొల్లపూడి మొదలైందో కొత్తవాళ్లకు తెలియదు. కానీ మేమిద్దరం రెండు చట్టాల కింద బతుకుతున్నాం. భవానీపురం కార్పొరేషన్‌లో ఉంది, గొల్లపూడి పంచాయతీలో ఉంది. విలీనం చేస్తారన్న మాట ఏళ్ల తరబడి వింటున్నాం గానీ నేను ఈ లెక్కలు వేసుకున్న నాటికి అదే పరిస్థితి.

పంచాయతీలో సర్పంచికి మా చెల్లెలు నేరుగా ఓటేస్తుంది. నేరుగా గెలిచాడు కాబట్టి సర్పంచి మీద అవిశ్వాసం పెట్టడానికి వార్డు మెంబర్లకు అధికారం లేదు. ఉపసర్పంచి మీద పెట్టొచ్చు, ఆయన్ని ఎన్నుకున్నది వాళ్లే గనక. మండలాధ్యక్షుడి మీద ఎంపీటీసీలు, జిల్లా పరిషత్ చైర్‌పర్సన్ మీద జెడ్పీటీసీలు పెట్టొచ్చు. సర్పంచిని తీసేయాలంటే మాత్రం ఆ పని కలెక్టరుది. 1994 పంచాయతీరాజ్ చట్టంలోని 249వ సెక్షన్ ప్రకారం నిధులు తినేసినా, అధికారాన్ని దుర్వినియోగం చేసినా, చట్టప్రకారం ఇచ్చిన ఉత్తర్వుల్ని కావాలని తొక్కిపెట్టినా ముందు నోటీసిచ్చి, సంజాయిషీ తీసుకుని, ఆ తర్వాత తొలగించాలి. మా ఆఫీసు భాషలో దీన్ని 'టూ ఫార్టీనైన్ పెట్టారు' అంటారు. సర్పంచులకు ఆ అంకె వింటేనే గుండె జారుతుంది.

ఇటు నా డివిజన్‌లో కార్పొరేటరుకు నేను నేరుగా ఓటేస్తాను. ఆయన మీద అవిశ్వాసమన్న మాటే చట్టంలో లేదు. మేయరును ఎన్నుకునేది కార్పొరేటర్లు, దించేదీ కార్పొరేటర్లే. 2000లో పంచుమర్తి అనురాధ మేయరైనప్పుడు మాత్రం విజయవాడ జనం నేరుగా ఓటేశారు. 2005 నుంచి ఆ పద్ధతి పోయింది.

అంటే రోడ్డుకు అటు దించే చెయ్యి కలెక్టరుది, ఇటు కార్పొరేటర్లది. మా అక్కాచెల్లెళ్లది ఎటూ కాదు. ఇడ్లీబండి ఆవిడ పట్టుకున్నది సరిగ్గా ఇక్కడే.

ఓటుతో పనిలేకుండా పదవి పోయే దారులు ఇంకా ఉన్నాయి. ఎన్నికల ఖర్చు లెక్కలు ఇవ్వకపోతే పోతుంది. నేరం రుజువై శిక్ష పడితే పోతుంది. పార్టీ విప్ ధిక్కరించి చెయ్యెత్తితే ఆ ఓటు చెల్లుతుంది, సీటు మాత్రం పోతుంది. తమ సంస్థ పనుల్లోనే కాంట్రాక్టు ఉంటే పోతుంది. 2025 మేలో కడప మేయరు సురేష్‌బాబు మీద ప్రభుత్వం వేటు వేసింది ఇలాంటి ఆరోపణతోనే, కుటుంబ సభ్యుల సంస్థకు కార్పొరేషన్ పనులు వెళ్లాయని. ఆయన హైకోర్టుకు వెళ్లారు. ఇద్దరు పిల్లల నిబంధన మరొకటి ఉండేది. 1995 మే 30 తర్వాత మూడో బిడ్డ పుడితే పోటీకి అనర్హులయ్యేవారు, గెలిచాక పుడితే పదవి పోయేది. ఆ నిబంధన ఉన్నన్నాళ్లూ మా ఆఫీసులకు అర్జీలతో పాటు పుట్టిన తేదీ సర్టిఫికెట్ల జిరాక్సులు కట్టలు కట్టలుగా వచ్చేవి. కన్నబిడ్డను మా బిడ్డ కాదని కాగితం మీద రాసిచ్చినవాళ్లను చూశాను. 2024 నవంబరులో శాసనసభ ఆ నిబంధన ఎత్తేసింది, మంచి పని చేసింది.

ఇవన్నీ ఒక ఎత్తు. నేను కళ్లారా చూసిన ఒక అవిశ్వాసం ఒక ఎత్తు.

డెల్టాలో ఒక మండలం. పేరు వద్దు. పదిహేనుగురు ఎంపీటీసీలు. అధ్యక్ష పదవి బీసీ మహిళకు రిజర్వు. గెలిచినావిడ ఇంటర్ దాకా చదువుకుంది, మొదటి ఏడాది సంతకం పెట్టడానికి కూడా భర్త వైపు చూసేది. రెండో ఏడాదికి ఫైలు తనే చదవడం మొదలుపెట్టింది. నా టేబుల్ దగ్గరికొచ్చి "ఈ ఎం-బుక్కు అంటే ఏంటండీ, ఇందులో కొలతలు ఎవరు రాస్తారు?" అని అడిగేది. ఎం-బుక్కు అంటే చేసిన పనికి ఇంజనీరు కొలతలు ఎక్కించే పుస్తకం. బిల్లుకు అదే ఆధారం. ఒకరోజు ఒక సీసీ రోడ్డు బిల్లు ఆవిడ ముందుకు వచ్చింది. ఆ రోడ్డు వాళ్ల పుట్టింటి వీధి. "రోడ్డు సగమే పడిందండీ, నేను నిన్న నడిచొచ్చాను" అని ఫైలు వెనక్కి పంపింది. అక్కణ్ణుంచి లెక్కపెట్టుకుంటే మూడు నెలల్లో అవిశ్వాసం నోటీసు వచ్చింది.

ఆ రోజు మీటింగు హాలులో బల్లలు నేనే వేయించాను. అధ్యక్షత ఆర్డీవోగారిది. పదకొండు గంటలకు సమావేశం అనగా పది ముప్పావుకు ఒక వ్యాను వచ్చి వరండాకు ఆనించి ఆగింది. క్యాంపు నుంచి నేరుగా తెచ్చారు. దిగిన ఆడవాళ్లు నలుగురు, అందరివీ ఒకే రకం అంచు కొత్త చీరలు. ఒకావిడకు జ్వరం, స్వెట్టరు వేసుకుని ఉంది. భర్తల్ని గేటు దగ్గరే ఆపేశారు. అధ్యక్షురాలు ఒక్కతే నడిచి వచ్చి కూర్చుంది. హాజరు పుస్తకంలో అందరిచేతా సంతకాలు పెట్టించాను. పదిహేనుకు పదిహేను.

ఆర్డీవోగారు తీర్మానం చదివారు. రెండే వాక్యాలు. ఫలానా అధ్యక్షురాలిపై మాకు విశ్వాసం లేదు, కాబట్టి పదవి నుంచి తొలగించాలని కోరుతున్నాం. అంతే. అప్పుడు ఆవిడ లేచి నిలబడి, "సార్, నేను ఒక్క మాట చెప్పుకోవచ్చా?" అంది. ఆర్డీవోగారు చెడ్డ మనిషి కాదు. ఆయన కళ్లద్దాలు తీసి, "రూల్సులో చర్చ లేదమ్మా. చదివి ఓటింగుకు పెట్టడమే నా పని" అన్నారు. నిజమే. అవిశ్వాసం నిబంధనలు అలాగే ఉన్నాయి, చర్చ లేకుండా ఓటింగు జరపాలి. ఆవిడ కూర్చుంది.

"అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులెత్తండి." పది కావాలి. నేను వరసగా చూస్తూ లెక్కపెట్టాను. తొమ్మిది. స్వెట్టరావిడ చెయ్యి బల్ల మీదే ఉంది. పక్కనున్నాయన మోచేత్తో పొడిచాడు. ఆ చెయ్యి పైకి లేచింది. పూర్తిగా కాదు, భుజం దాకా. ఆర్డీవోగారు నన్ను మళ్లీ లెక్కపెట్టమన్నారు. పది.

మినిట్స్ బుక్కులో నేను రాసిన వాక్యం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "తీర్మానమునకు అనుకూలముగా పదిమంది చేతులెత్తినందున మూడింట రెండు వంతుల మెజారిటీతో తీర్మానము నెగ్గినది." ఎందుకు దించారన్నది అందులో లేదు. రాయడానికి గడి కూడా లేదు. మర్నాడు ఆవిడ నెగ్గిన ఊరి నుంచి ఆటోలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు మా ఆఫీసుకు వచ్చారు. "మా అమ్మాయిని ఎందుకు తీసేశారండీ? తప్పేం చేసింది?" అని అడిగారు. వాళ్లకు ఆ పుస్తకం తీసి చూపించాను. చదవగలిగిన ఒకావిడ చదివి వినిపించింది. అందరూ విన్నారు. "ఇందులో కారణం లేదుగా" అంది ఒకావిడ. లేదు. ఆ తర్వాత నేను రిటైరయ్యే దాకా మరో రెండు అవిశ్వాసాలు రాశాను. వాటిలోనూ లేదు.

అవిశ్వాసానికి కారణం అక్కర్లేదన్నది పెద్ద కోర్టుల మాట కూడా. సభ నమ్మకం కోల్పోయినవాళ్లు దిగిపోవడం ప్రజాస్వామ్యంలో భాగమేనని 2010లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన భానుమతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సూత్రంతో నాకు పేచీ లేదు. మాట వినని అధ్యక్షుడితో అయిదేళ్లు కాపురం చేయమంటే సభ నడవదు. అధికారులు తొలగించే విషయంలో మాత్రం అదే కోర్టు చాలా గట్టిగా మాట్లాడింది. ఛత్తీస్‌గఢ్‌లోని జష్పూర్ జిల్లా సాజ్‌బహార్ గ్రామంలో సోనమ్ లక్డా అనే యువ సర్పంచిని పనులు ఆలస్యమయ్యాయన్న వంకతో తీసేశారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆమెను మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టి, లక్ష రూపాయలు ఇవ్వాలని ఆ రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఎన్నికైన మహిళా సర్పంచుల్ని అధికారులు తమ కింది ఉద్యోగుల్లా చూస్తున్నారని మందలించింది. ఆ తీర్పు చదివిన రోజు నాకు మా అధ్యక్షురాలు గుర్తొచ్చింది. ఆవిడకు కోర్టుకెళ్లే దారి కూడా లేకపోయింది, ఎందుకంటే దించింది అధికారి కాదు, సాటి సభ్యులు.

జనం చేతికే దించే హక్కు ఇచ్చిన చోట్లు లేకపోలేదు. అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరం 1903లోనే తన చట్టంలో రాసుకుంది. మన దేశంలో జయప్రకాశ్ నారాయణ్ 1974 ఉద్యమంలో ఈ హక్కు కావాలన్నారు. అమలుచేసి చూపించింది మధ్యప్రదేశ్. అక్కడ మునిసిపల్ అధ్యక్షుల్ని జనం నేరుగా ఎన్నుకునేవారు. నాలుగింట మూడొంతుల మంది కౌన్సిలర్లు కలెక్టరుకు రాసిస్తే, ఊరంతటికీ మళ్లీ ఓటింగు పెట్టేవారు. బ్యాలెట్ మీద రెండే గుర్తులు. ఒకటి మనిషి కూర్చున్న కుర్చీ, ఒకటి ఖాళీ కుర్చీ. ఉండనిద్దామంటే మొదటిది, దించేద్దామంటే రెండోది. చదువురాని ముసలమ్మకు కూడా ఒక్క చూపులో అర్థమయ్యే బ్యాలెట్ అంటే ఇదీ. 2001లో అనూప్‌పూర్‌లో పల్లవికా పటేల్ అనే అధ్యక్షురాలు ఇలా దిగిపోయారు, దేశంలో అదే మొదటిది. 2008లో ఛత్తీస్‌గఢ్‌లో ఇదే పద్ధతిలో ముగ్గురు దిగారు. కొన్ని ఊళ్లలో నిండు కుర్చీయే గెలిచింది. కౌన్సిలర్లు వద్దన్న మనిషిని జనం ఉండమన్నారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. మా అధ్యక్షురాలికి ఆ అవకాశం ఉండి ఉంటే, ఆటోలో వచ్చిన ఆ ఆడవాళ్లు ఏ కుర్చీ మీద ముద్ర వేసేవారో నాకు తెలుసు.

ఈ హక్కుతోనూ ప్రమాదం ఉంది. ఓడిపోయినవాడు మర్నాటి నుంచే సంతకాలకు తిరుగుతాడు. డబ్బున్నవాడు తిప్పుతాడు. ఊళ్లో కులాల కక్షలు మళ్లీ రాజుకుంటాయి. అందుకే కనీసం రెండేళ్ల గడువు, ఎక్కువమంది ఓటర్ల సంతకాలు, ఒక పదవీకాలంలో ఒక్కసారే అన్న కట్టుబాట్లు ఉండాలి. అవి పెట్టి సర్పంచికీ, కార్పొరేటరుకీ వర్తింపజేయాలని నా గట్టి అభిప్రాయం. మేయరు విషయంలో ముందు ఎన్నిక జనం చేతికి రావాలి, ఆ తర్వాతే దించడం.

దించడానికి అసలు ఎవరూ లేని రోజుల్ని కూడా చూశాం. విజయవాడలో 2010 నుంచి 2014 దాకా పాలకవర్గం లేదు. 2019 నుంచి 2021 దాకా మళ్లీ లేదు. ఎన్నికలు పెట్టలేదు, స్పెషలాఫీసరు పాలన. కొండపల్లి మునిసిపాలిటీలో 2021 నవంబరులో చైర్మన్ ఎన్నిక ఎంపీగారి ఎక్స్ అఫిషియో ఓటు దగ్గర చిక్కుకుని హైకోర్టుకు వెళ్తే, ఫలితం ఏళ్ల తరబడి సీల్డు కవరు దాటి బయటికి రాలేదు. మన ఓటు ఇన్ని చోట్ల ఆగిపోతుందని మనలో చాలామందికి తెలియదు.

అయితే చేతిలో ఏమీ లేదని కూర్చోవాల్సిన పనిలేదు. చట్టంలో మనకు మిగిల్చినవి కొన్ని ఉన్నాయి, వాటిని మనమే వాడటం లేదు. పంచాయతీలో ఏడాదికి కనీసం రెండు గ్రామసభలు పెట్టాలి. పెట్టకపోతే సర్పంచి పదవే పోతుంది. ఈ ఒక్క నిబంధన ఎంత పదునైనదో పల్లెల్లో తెలిసినవాళ్లు తక్కువ. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. ఆ రోజు మా చెల్లెలితో ఫోన్లో గంటసేపు మాట్లాడాను, వెళ్లి మాట్లాడమని. నా సర్వీసులో చూసిన గ్రామసభలు చాలావరకు ఇలా జరిగేవి: కార్యదర్శి పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగి సంతకాలు చేయించుకునేవాడు, సభ మాత్రం ఎవరూ చూసేవారు కాదు. కోరం ఆ పుస్తకంలో నిండేది. అలా ఇంటికొచ్చిన పుస్తకంలో సంతకం పెట్టకండి. మీరు పెట్టే ఆ సంతకమే సర్పంచిని కాపాడుతుంది, మీ ప్రశ్నను చంపేస్తుంది.

నగరంలో ఉన్నవాళ్లకు సమాచార హక్కు చట్టం ఉంది. కౌన్సిల్ సమావేశం మినిట్స్, మీ వీధి పని ఎం-బుక్కు నకలు, మీ కార్పొరేటరు ఎన్ని సమావేశాలకు వచ్చారన్న హాజరు, ఇవన్నీ పది రూపాయల ఫీజు కట్టి అడగొచ్చు. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే రసీదు ఇస్తారు. ఆ రసీదు దాచుకోండి. కలెక్టరు ఎవరిమీదైనా విచారణ మొదలుపెట్టాలంటే ముందు బల్ల మీద కాగితం ఉండాలి. ముప్పై ఏళ్లలో నేను చూసిన తొలగింపుల్లో నిలబడినవి కాగితంతో మొదలైనవే. అరుపులతో మొదలైనవన్నీ హైకోర్టులో కొట్టుకుపోయాయి.

ప్రభుత్వాన్ని నేను అడిగేది ఒకటుంది. పెద్ద ఖర్చేమీ లేదు. అవిశ్వాసం నిబంధనల్లో రెండు వాక్యాలు చేర్చాలి. దించబోయే మనిషికి మాట్లాడటానికి పది నిమిషాలు ఇవ్వాలి. ఎందుకు దించుతున్నారో నోటీసులో రాయాలి, ఆ కారణమూ ఆవిడ జవాబూ రెండూ మినిట్స్‌లోకి ఎక్కాలి, ఆ నకలు ఊళ్లో నోటీసు బోర్డు మీద అంటించాలి. రేపు ఆటో ఎక్కి ఆఫీసుకు వచ్చే ఆడవాళ్లకు చదివి వినిపించడానికి అప్పుడు ఏదో ఒకటి ఉంటుంది.

ఇడ్లీబండి ఆవిడకు ఇదంతా విడతలు విడతలుగా చెప్పాను. ఆవిడకు బాగా పట్టుకున్నది ఎం-బుక్కు సంగతి. వాళ్ల సందులో వేసిన రోడ్డు కొలతల కోసం వాళ్లబ్బాయి చేత సమాచార హక్కు దరఖాస్తు రాయించింది. రాత తప్పులుంటే దిద్ది ఇచ్చాను. జవాబు ఇవ్వడానికి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు.